ఒడ్డు లేని జిల్లా నుంచి సముద్రానికి నెల చందా

2022 ఏప్రిల్ 3 దాకా పిడుగురాళ్ల ఉన్న జిల్లాకు సముద్రం ఉంది. మర్నాడు లేదు. ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి సూర్యలంక, నిజాంపట్నం బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. పిడుగురాళ్ల, మాచర్ల, గురజాల, నరసరావుపేట కలిసి పల్నాడయ్యాయి. పాత గుంటూరు జిల్లా పటంలో అడుగున కనిపించే తీరం కొత్త పటంలో కనిపించదు. దాని కోసం ఎవరూ ధర్నా చేయలేదు. సున్నం బట్టీల ఊరైన పిడుగురాళ్లకు సముద్రంతో ఏం పని?

పని ఉంది, అదీ చాలా పాతది. బట్టీలో కాలే రాయి ఒకప్పటి సముద్రపు అడుగు. కోట్ల ఏళ్ల కింద ఈ నేలను కప్పిన లోతు తక్కువ సముద్రంలో పేరుకుపోయిన సున్నపు ఒండ్రు గట్టిపడి పల్నాటి సున్నపురాయి అయింది. కర్నూలు వైపున్న నర్జి సున్నపురాయికి ఇది చుట్టమని భూగర్భ శాస్త్రం చెబుతుంది. ఇళ్లలో పరిచే నాపరాయీ ఆ కుటుంబానిదే. అంటే పిడుగురాళ్ల తరతరాలుగా తింటున్నది ఒక ఎండిపోయిన సముద్రం పెట్టిన కూడు.

రెండో బంధుత్వం పొగలో ఉంది. స్వచ్ఛమైన సున్నపురాయి వంద కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది. బొగ్గు కాలినందువల్ల వచ్చేది దీనికి అదనం. ప్రపంచంలో మనుషులు వదిలే ఈ వాయువులో దాదాపు నాలుగో వంతు సముద్రం పీల్చుకుంటోంది. పీల్చుకున్న కొద్దీ నీటిలో ఆమ్ల గుణం పెరిగి, గవ్వలకూ గుల్లలకూ పగడాలకూ తమ పెంకు కట్టుకోవడం కష్టమవుతోంది. ఆ పెంకు దేనితో తయారవుతుంది? పిడుగురాళ్ల రాయి దేనితో తయారైందో దానితోనే. ఇందులో బట్టీ కూలీని దోషిగా నిలబెట్టాల్సిన పని లేదు. సిమెంటు ఇంట్లో ఉండేవాళ్లందరికీ ఇందులో వాటా ఉంది. బాకీ ఉందని తెలిస్తే చాలు. ఈ రచన ఆ బాకీలో కొంచెమైనా నెలనెలా తీర్చాలనుకునే మామూలు సంపాదనపరుల కోసం.

ఇవ్వడం పల్నాటికి ఎవరూ నేర్పనక్కర్లేదు. శివరాత్రికి కోటప్పకొండకు వెళ్లే ప్రభలు ఊళ్ల చందాలతోనే లేస్తాయి. అన్నదానాలకు శాశ్వత నిధి కట్టేవాళ్లు, గుడి మెట్టుకు, బడి గదికి, శ్మశానం గోడకు డబ్బిచ్చేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. ఇచ్చిన పేరు రాతి పలక మీద చెక్కిస్తారు. చెక్కడానికి రాయి ఇక్కడే దొరుకుతుంది. చిక్కంతా ఇక్కడే. సముద్రంలో పలక పాతే చోటు లేదు. కట్టిన గది కనిపించదు, వడ్డించిన విస్తరి కనిపించదు. అందుకే సముద్రానికి ఇచ్చేవాళ్లు ముందుగా ఒక అలవాటు మార్చుకోవాల్సి వస్తుంది: ఒకసారి పెద్ద మొత్తం ఇచ్చి ఫొటో దిగడం నుంచి, చిన్న మొత్తం ఆపకుండా ఇచ్చి మనిషి జీతం నిలబెట్టడం వైపు.

ఎవరి జీతం? ఆ సంగతి తెలియాలంటే జనవరి చలిలో బాపట్ల జిల్లా ఇసుక మీదికి వెళ్లాలి.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా ఆ రోజుల్లోనే గుడ్లు పెట్టడానికి ఆంధ్ర తీరానికి వస్తాయి. ఆడ తాబేలు రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్లతో గుంట తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ గూటి వైపు చూడదు. కుక్కలు, నక్కలు, అడవి పందులు మాత్రం చూస్తాయి. అవి తవ్వే లోపు మనిషి అక్కడికి చేరాలి. అందుకని సూర్యలంక వంటి తీరాల్లో అటవీ శాఖ కంచె వేసి సంరక్షణ కేంద్రాలు నడుపుతోంది. రాత్రి నడిచేవాళ్లు తాబేలు ఈడ్చుకుపోయిన జాడ పట్టి గూడు కనిపెట్టి, గుడ్లను జాగ్రత్తగా తెచ్చి, కేంద్రంలో అంతే లోతున పూడుస్తారు. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు ఇసుక చీల్చుకుని వస్తాయి. అక్కడి వేడిని బట్టే పుట్టేది ఆడో మగో తేలుతుంది కాబట్టి నీడ ఎంత పట్టాలి, ఎప్పుడు తీయాలి అన్నదీ పనిలో భాగమే.

ఈ పనికి యంత్రం లేదు. అర్ధరాత్రి నుంచి తెల్లారే దాకా కిలోమీటర్ల కొద్దీ ఇసుకలో నడిచే మనిషి కావాలి, అదీ మూడు నాలుగు నెలల పాటు, రోజూ. ఆ మనిషి ఎక్కువగా మత్స్యకార పల్లె కుర్రవాడు. 2002లో సుప్రజా ధారిణి చెన్నైలో మొదలుపెట్టిన ట్రీ ఫౌండేషన్ తమిళనాడులోనూ ఆంధ్ర తీరంలోనూ ఇలాంటి మత్స్యకార యువకులనే తాబేళ్ల రక్షకులుగా నిలబెట్టింది. విశాఖలో మూగజీవాల కోసం పనిచేసే వీఎస్‌పీసీఏ కూడా అక్కడి ఇసుక మీద తాబేళ్ల గూళ్లను కాపాడే పని చేసింది. చెన్నైలో 1988 నుంచి విద్యార్థులే జట్టు కట్టి రాత్రి నడకలు నడుస్తున్నారు, జీతం లేకుండా. నగరంలో అది సాగుతుంది. కాలేజీలున్నాయి, ఏటా కొత్త పిల్లలు వస్తారు. కానీ పాత కొలతలో 974 కిలోమీటర్లు, కొత్త కొలతలో 1,053 కిలోమీటర్లున్న ఆంధ్ర తీరాన్ని ఉచిత సేవతో కాయడం కుదరదు. పగలు వలకు వెళ్లాల్సినవాడు రాత్రంతా మేలుకుంటే, మర్నాటి కూలి ఎవరో ఒకరు ఇవ్వాలి.

గూళ్లు కాపాడినంత మాత్రాన కథ ముగియదు. 2025 జనవరిలో కాకినాడ తీరంలో చచ్చిన తాబేళ్లు కొట్టుకొచ్చినప్పుడు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ విచారణకు ఆదేశించారు. అదే నెలలో చెన్నై వైపు వెయ్యికి పైగా కళేబరాలు కనిపించాయని వార్తలొచ్చాయి. తాబేలు చేప కాదు; ఊపిరికి పైకి రావాలి. ట్రాల్ వలలో చిక్కి నీటి అడుగున ఉండిపోతే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపు మర బోట్లు వేటాడకూడదని రాష్ట్ర చట్టం చెబుతుంది. తాబేలు తప్పించుకుపోయే దారి ఉన్న వల సాధనం, టెడ్ అనేది, ఉంది. దాన్ని మన బోట్లు వాడడం లేదని 2019 నుంచి అమెరికా ఇక్కడి సముద్రంలో పట్టిన రొయ్యలను కొనడం లేదు. కాబట్టి తాబేళ్లను కాపాడే సంస్థ చేయాల్సిన పని రెండు రకాలు: ఒడ్డున గుడ్లు, నీటిలో వలలు. రెండోది ఫొటోలకు అందదు. బోటు యజమానితో గంటల తరబడి మాట్లాడడం, వల కోసి తాబేలును వదిలేసిన జాలరికి కొత్త వల ఇప్పించడం, అధికారుల చుట్టూ తిరగడం. చందాదారు ముందుగా అడగాల్సింది దీని గురించే.

పక్కమాటగా ఒకటి. సముద్రానికి అందరికంటే ఎక్కువ ఇస్తున్నవాడు మత్స్యకారుడే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మర బోట్ల వేట బంద్. ఆ విరామానికి 2025లో రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి 20,000 రూపాయలు ఇచ్చింది. పొయ్యి మీదికి రావాల్సిన రెండు నెలల సంపాదన వదులుకునేవాడి పక్కన, పిడుగురాళ్ల నుంచి నెలకు అయిదు వందలు పంపేవాళ్లు తామేదో ఉద్ధరిస్తున్నామనుకుంటే నవ్వొస్తుంది. ఆ వినయంతో మొదలుపెడితే మిగతా దారి సులువు.

ఇక డబ్బు సంగతి. సముద్ర సంరక్షణకు డబ్బు నాలుగు దారుల్లో వస్తుంది, ఒక్కో దానికి ఒక్కో గుణం. ప్రభుత్వం డబ్బు సాలుసరి బడ్జెట్టుతో వస్తుంది. ఫైలు ఆలస్యమైనా తాబేలు ఆలస్యంగా రాదు. అంతర్జాతీయ ప్రాజెక్టు డబ్బు పెద్దది. గోదావరి ముఖద్వారంలో, కోరింగ మడ అడవుల చుట్టూ, ప్రపంచ పర్యావరణ నిధి, యూఎన్‌డీపీ, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి 2011లో మొదలుపెట్టిన ఈగ్రీ ప్రాజెక్టు అలాంటిది. కానీ ప్రాజెక్టుకు గడువుంటుంది. కంపెనీల సీఎస్ఆర్ డబ్బు, అంటే మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం ఖర్చు చేయాలన్న 2013 చట్టం వల్ల వచ్చేది, బోర్డు పెట్టుకోగల వస్తువుల వైపు మొగ్గుతుంది. బండి ఇస్తుంది, డీజిలు ఇవ్వదు.

నాలుగోది సభ్యుల చందా. చిన్నది, కానీ దీని మీద ‘ఇందుకే ఖర్చుపెట్టాలి’ అన్న ముద్ర ఉండదు. డీజిలుకూ ఫోన్ బిల్లుకూ టార్చి బ్యాటరీకీ, అన్నిటికంటే ముఖ్యంగా జీతానికీ పనికొచ్చేది ఇదే. వచ్చే జనవరికి ఎంత వస్తుందో జూలైలోనే తెలుస్తుంది కాబట్టి, సంస్థ ధైర్యంగా ఒక మనిషికి మాట ఇవ్వగలదు.

ఇలాంటి చందా ఎంత కాలం నిలుస్తుందనడానికి రుజువులున్నాయి. 1883లో బొంబాయిలో ఎనిమిది మంది కూడి పెట్టుకున్న బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఈనాటికీ సభ్యుల సంఘమే. తాబేళ్ల కథ ఇంకా రుచిగా ఉంటుంది. అమెరికాలో ఆర్చీ కార్ అనే శాస్త్రవేత్త కరీబియన్ తాబేళ్ల మీద 1956లో ఒక పుస్తకం రాశాడు. జాషువా పవర్స్ అనే పత్రికారంగ వ్యాపారి అది చదివి కదిలిపోయి, ప్రతులు కొని స్నేహితులకు పంచాడు. వాళ్లంతా సరదాగా ‘పచ్చ తాబేలు సోదర బృందం’ అని పేరు పెట్టుకుని చందాలు వేసుకున్నారు. 1959లో పుట్టిన ఆ సంఘమే నేటి సీ టర్టిల్ కన్సర్వెన్సీ. కోస్టారికాలోని టోర్టుగ్వేరో ఇసుకలో వాళ్లు ఏటా తాబేళ్లను లెక్కిస్తూనే ఉన్నారు, ఆ తీరం 1975 నాటికి జాతీయ ఉద్యానం అయింది కూడా. దాతలు తాబేలును దత్తత తీసుకునే పద్ధతిని నడిపే సంస్థల్లో అదొకటి. దత్తత అంటే కాగితం మీద మాటే, తాబేలు ఎవరింటికీ రాదు. ఆ సొమ్ము కొలిచేవాళ్ల, కాపలావాళ్ల ఖర్చుకు వెళుతుంది.

అమెరికాలో స్థిరపడిన పల్నాటి పిల్లలు ఇంకో రకం సభ్యత్వం చూసే ఉంటారు. కాలిఫోర్నియాలో 1984లో తెరిచిన మాంటెరీ బే అక్వేరియంకు డేవిడ్ ప్యాకార్డ్ దంపతులు 5.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. కట్టడం లేచాక దాన్ని నడుపుతున్న డబ్బులో టికెట్లతో పాటు కుటుంబ సభ్యత్వాలకూ పెద్ద వాటా ఉంది. ఏడాది చందా కడితే పిల్లలతో ఎన్నిసార్లయినా వెళ్లవచ్చు. ఇచ్చినదానికి చేతికి ఏదో వస్తుంది. ఆంధ్ర తీరంలో అలాంటి బహుమతులు ఆశించకపోవడం మేలు.

ఇప్పుడు లెక్క. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. నెలకు 500 అంటే ఒక మనిషికి రోజున్నర కూలి పైచిలుకు. ఒంటరిగా చూస్తే తేలిపోతుంది. పిడుగురాళ్లలో చీటీ పాటలు తెలియని వీధి లేదు. ఇరవై మంది చీటీ వేసినట్టే ఇరవై మంది కలిసి నెలకు 500 చొప్పున వేస్తే ఏడాదికి లక్షా ఇరవై వేలు. 307 లెక్కన ముగ్గురు మనుషులకు నాలుగు నెలల కూలి 1,10,520. మిగిలిన 9,480 టార్చిలకు, పెట్రోలుకు. పాట లేదు, కసరు లేదు, ఎత్తుకునేవాడు సముద్రం. ఇది కాగితం మీద వేసిన లెక్క మాత్రమే. ఒక రాత్రి నడకకు తాము అసలు ఎంత ఇస్తున్నారో సంస్థే చెప్పాలి. చెప్పలేని సంస్థను పక్కన పెట్టవచ్చు.

సంస్థను ఎంచుకునే ముందు చూడాల్సిన కాగితాలు ఎక్కువ లేవు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏబీ నమోదు, 80జీ అనుమతి, నీతి ఆయోగ్ వారి ఎన్జీవో దర్పణ్‌లో నంబరు, ఆడిట్ అయిన ఏడాది లెక్కలు. వీటికి తోడు తాబేళ్ల పనికి ప్రత్యేకంగా ఒకటుంది: అటవీ శాఖ అనుమతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో ఉంది. అనుమతి లేకుండా గుడ్డు కదిపితే అది నేరం, ఎంత మంచి మనసుతో కదిపినా సరే. కాగితాలు చూశాక ఒకసారి ఫోన్ చేయడం అన్నిటికంటే ఉపయోగం. పోయినేడు నడిచినవాళ్లలో ఎంతమంది ఈ ఏడు మళ్లీ వస్తున్నారు? వాళ్లకు డబ్బు నెలనెలా అందిందా, చివర్లో ఒక్కసారా? ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబు, రంగుల బ్రోచరు చెప్పలేనంత చెబుతుంది.

ఒక రకం ఆకర్షణకు దూరంగా ఉండాలి. దాత వచ్చాక, ఎండెక్కాక, టబ్బులో దాచిన తాబేలు పిల్లలను చేతికిచ్చి ఫొటో తీయించి సముద్రంలో వదిలించే కార్యక్రమాలు. ఇసుకలోంచి బయటపడ్డ గంటల్లో పిల్లకు ఉండే ఉరుకు దాన్ని అలలు దాటించడానికే. ఆ ఉరుకు టబ్బులో గింజుకోవడంలోనే తీరిపోతుంది. పిల్లలను పుట్టిన వెంటనే, చీకట్లోనో తెల్లవారుజామునో, ఇసుక మీద వదిలి తమంతట తామే నీటి వైపు నడవనివ్వాలి. ఫ్లాష్ కొట్టకూడదు; వెలుతురు చూస్తే దారి తప్పి ఒడ్డు వైపే వస్తాయి. చందాదారుకు ‘మీ చేతుల మీదుగా’ అని ఆశ పెట్టే సంస్థ కంటే, ‘దూరంగా నిలబడి చూడండి’ అని కసిరే సంస్థ నయం.

80జీ కింద వచ్చే పన్ను మినహాయింపు మీద ఎక్కువ ఆశ వద్దు. పాత పద్ధతిలో రిటర్ను వేసేవాళ్లకే అది వర్తిస్తుంది. చాలా సంస్థలకు ఇచ్చినదానిలో సగమే లెక్కలోకి వస్తుంది, అదీ ఆదాయం మీద ఉన్న పరిమితికి లోబడి. నెలకు 500 చొప్పున ఏడాదికి 6,000 ఇస్తే మినహాయింపు 3,000. ఇరవై శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు సెస్సుతో కలిపి మిగిలేది 624 రూపాయలు. దాని కోసమే ఇవ్వడం అనవసరం, వస్తే వదులుకోవడమూ అనవసరం. 2,000 దాటి నగదు ఇస్తే ఆ కాస్తా రాదు. రసీదు మీద సభ్యత్వ రుసుము అని కాక విరాళం అని ఉందో లేదో చూసుకోవాలి, సంస్థకు పాన్ నంబరు ఇచ్చి విరాళ ధ్రువపత్రం అడగాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి 12ఏబీ, 80జీ వంటి సెక్షన్ల అంకెలు అందులో వేరు. ఆడిటరును ఒక మాట అడగడం మంచిది.

విదేశాల్లో ఉన్న కొడుకో కూతురో చీటీలో చేరతామంటే ఒక మెలిక ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఎక్కడున్నా వాళ్ల డబ్బు విదేశీ డబ్బు కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లది, పేరు ఎంత పల్నాటిదైనా, విదేశీ విరాళమే. అలాంటి డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద నమోదున్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఉన్న ఖాతా ద్వారానే. ఇక్కడి స్నేహితుడి ఖాతాకు పంపి ‘నువ్వు కట్టెయ్’ అనడం సంస్థను చిక్కుల్లో పడేస్తుంది.

చెల్లించే పద్ధతికి యూపీఐ ఆటోపే చాలు. మొత్తం 15,000 లోపు అయితే ప్రతి నెలా ఓటీపీ అడగదు, డబ్బు కట్టయ్యే ముందు రోజే సందేశం వస్తుంది. జీతం పడ్డ మర్నాటి తేదీ పెట్టుకుంటే బరువు తెలియదు. ఏడాదికోసారి, వీలైతే ఫిబ్రవరిలో, ఇరవై మందీ కలిసి సూర్యలంక వెళ్లిరావచ్చు. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లే. నడిచే కుర్రవాడితో కూర్చుని టీ తాగితే, ఏడాది నివేదికలో లేని సంగతులు తెలుస్తాయి: ఏ రేవులో వలలు ఎక్కువ, ఏ కుక్కల గుంపు ఎటు తిరుగుతోంది, పోయిన నెల కూలి అందిందా లేదా.

చందా ఆపేయాల్సిన రోజూ రావచ్చు. బట్టీ మూతపడవచ్చు, పిల్ల చదువు ముంచుకురావచ్చు. ఆపడం తప్పేమీ కాదు, ఫోన్లో ఆటోపే రద్దు చేస్తే నిమిషంలో పని అయిపోతుంది. అయితే ఆ సంగతి సంస్థకు అక్టోబరు లోపే చెప్పాలి. ఈ సీజనుకు ఎంతమందిని పెట్టుకోవాలో వాళ్లు తేల్చుకునేది ఆ రోజుల్లోనే. జనవరిలో ఆపితే, అప్పటికే మాట తీసుకుని వేరే పని వదులుకున్న కుర్రవాడి కూలి ఆగుతుంది.